బర్రె మెచ్చిన చీర

బట్టల దుకాణంలో చేరబోయే పిల్లలకు ముందుగా ఒక మాట. మీరు బట్టలు అమ్మరు. బట్ట దానంతటదే అమ్ముడుపోతుంది. మనుషులకు సిగ్గుంది, పైన ఎండా వానా ఉన్నాయి, అవి చాలు. కొన్న మనిషి దాన్ని కట్టుకుని వీధిలోకి పోయాక నవ్వులపాలు కాకుండా చూడడమే మీ పని. డెబ్బైల చివర నుంచి తొంభైల దాకా భద్రాచలంలో ఒక దుకాణం కౌంటర్ వెనకాల నేను ఆ పనే చేశాను. ఇప్పుడు దాన్ని స్టైలింగ్ అంటున్నారట. అప్పట్లో దానికి పేరు లేదు. "ఆ బి.ఏ. పిలగాన్ని పిలువుండ్రి" అనేవాళ్ళు, అంతే.

బి.ఏ. చదివింది ఖమ్మంలో. మాది తిరుమలాయపాలెం దగ్గర పల్లె. సర్కారు కొలువు వచ్చేదాకా అని దుకాణంలో చేరాను. కొలువు ఇంకా రాలేదు. ఈలోగా రిటైరయ్యే వయసు కూడా దాటిపోయింది.

వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు

గుడికి వచ్చే యాత్రికుల బేరం వేరు. వాళ్ళకు పట్టుపంచె కావాలి, బస్సు టైము కావాలి. నేను చెప్పేది ఉద్యోగుల గురించి. బ్యాంకు వాళ్ళు, టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, ఫారెస్టు వాళ్ళు. ఏజెన్సీలో పోస్టింగు అనగానే సగం మంది పెట్టె సగమే విప్పేవాళ్ళు. మంచి బట్టలు సొంతూరికని దాచిపెట్టి, ఇక్కడ పాతవి తొడుక్కుని తిరిగేవాళ్ళు. అడవి అంచున ఎవరు చూస్తారులే అని. ఎవరూ చూడని చోట బతకడం మనిషికి మంచిది కాదు. ఆ సంగతి నాకు కాస్త తెలుసు. కానీ దుకాణంలో అది చెప్పే మాట కాదు కాబట్టి, "ఈ చారలు మీకు బాగుంటాయండి" అనేవాణ్ని.

వాళ్ళందరి నడుం కొలతలూ నాకు కంఠతా వచ్చు. ఒళ్ళు చేసిన వాళ్ళు, చిక్కిన వాళ్ళు, ఇంట్లో ముద్ద దిగక చిక్కిన వాళ్ళు, అన్నీ టేపు చెప్పేది. బదిలీ అయి పోయేటప్పుడు మాత్రం ఎవరూ దుకాణానికి వచ్చి చెప్పి పోరు. పాలవాడికి చెప్పాలి, లేకపోతే పాలు పోసి పోతాడు. మాకు చెప్పకపోతే నష్టం లేదు. ఒక సీజను దాటి ఇంకో సీజను వచ్చినా మనిషి రాకపోతే, పోయినట్టే అని మేమే అనుకోవాలి.

యజమాని రంగారావు గారిది కృష్ణా జిల్లా. పొగాకు వేద్దామని ఇటొచ్చి, దుకాణం పెట్టుకుని స్థిరపడ్డ మనిషి. మంచివాడు. ఆయనకు ఒకటే సిద్ధాంతం ఉండేది: కుర్చీని బట్టి బట్ట. వచ్చినవాడు ఏ కుర్చీలో కూచుంటాడో కనుక్కుని ఆ మేరకు గుడ్డ తాను దించేవారు. అరుగు మీద ఖాదర్ భాయ్ కుట్టు మిషను. నాకు ఊళ్ళో నావాళ్ళంటూ లేరని ఎవరైనా అంటే అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడం. పొద్దంతా ఆ మిషను చప్పుడు ఉండేది.

ఎండాకాలం

భద్రాచలం ఎండ గురించి రాయడం దండగ. చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళు నమ్మరు.

ఆ రోజుల్లో ఆఫీసరంటే సఫారీ సూటు. అదీ టెరికాట్‌ది. గాలి లోపలికి పోదు, చెమట బయటికి రాదు. కొత్తగా వచ్చిన ఒక బ్యాంకు మేనేజరుకు రంగారావు గారు తన సిద్ధాంతం ప్రకారం బూడిదరంగు సఫారీ కుట్టించారు. నవమి కల్యాణానికి ఆయనను ముందు వరసలో కూచోబెట్టారు. కల్యాణం అయ్యేసరికి ఆయన రంగూ సఫారీ రంగూ ఒకటయ్యాయి. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని దవాఖానాకు తీసుకుపోయారు. రంగారావు గారు పరామర్శకు వెళ్ళొచ్చి, "మడత మాత్రం చెక్కు చెదరలేదయ్యా" అన్నారు, తృప్తిగా.

ఎండాకాలానికి నా సలహా అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మగవాళ్ళు వదులుగా కుట్టించిన నూలు చొక్కా, లేత రంగు, లోపల బనియను తప్పకుండా. ఆడవాళ్ళు వాయిల్ చీర, చిన్న పూలది, జరీ జోలికి పోకుండా. దర్జాగా కనపడాలని ఉక్కబోతలో ఉడికే మనిషి మొహం చూసి ఎవడూ భయపడడు, జాలిపడతాడు. ఆఫీసరుకు అంతకన్నా అవమానం లేదు.

కొత్తగూడెం, మణుగూరు గనుల నుంచి వచ్చే వాళ్ళ లెక్క వేరు. షిఫ్టంతా నలుపులో ఉండే మనిషి దుకాణానికి వచ్చి తెల్లదే అడుగుతాడు. మురికి కనపడని రంగు తీసుకోరాదా అని ఒకాయనకు చెప్పబోతే, "కనపడాలె సారూ, కనపడితెనే గద నేను బయట ఉన్నట్టు" అన్నాడు. ఆ తరువాత గని మనిషికి నేను గోధుమరంగు చూపించలేదు.

వానాకాలం, డాక్టరమ్మ

ఎనభైలలో ఒక ఏడు, తొలకరికి ముందు, బూర్గంపాడు పశువుల దవాఖానాకు డాక్టరుగా ఒకావిడ వచ్చింది. పేరు విమల. తెనాలి దగ్గర ఊరు. తండ్రి వద్దంటున్నా పశువైద్యం చదివిన మనిషి. గోదావరి దాటి మా దుకాణానికి వచ్చి, ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ చూపించమంది. ఆ కాలానికి మా వైపు అది చిన్న వార్త కాదు. రంగారావు గారు డాక్టరు కుర్చీ గుర్తు తెచ్చుకుని, మంచి ఖాకీ రకం దించారు. ఖాదర్ కొలతలు తీసుకోవడానికి మొహమాటపడి, టేపు ఆమె చేతికే ఇచ్చి, అంకెలు చెప్పమని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ప్యాంటు బాగానే కుదిరింది. దాని మీదికి తెల్లకోటు, కింద రబ్బరు బూట్లు. చూస్తే ఎవరైనా డాక్టరనే అనాలి.

అనలేదు. వానలు మొదలైన కొన్ని వారాలకు మళ్ళీ వచ్చి, ఏమీ కొనకుండా కౌంటర్ ముందు కూచుంది. ఎవరూ పిలవడం లేదట. ఒకటి రెండు చోట్లకు తనే వెళితే గేదెలు పలుపులు తెంపుకున్నాయట. రైతులు నవ్వి, కాంపౌండర్‌ని పంపమన్నారట. జిల్లా ఆఫీసులో పెద్దసారు కబురు పంపాడు: వానలు వెనకబట్టేలోగా రైతులు ఆమెను పిలవడం మొదలుపెట్టకపోతే ఖమ్మంలో టేబుల్ దగ్గర కూచోబెట్టి, ఇక్కడికి మగ డాక్టరును వేస్తానని.

"టేబుల్ దగ్గర కూచోడానికైతే ఇంత చదువు అక్కర్లేదండీ. మా నాన్నగారు ఎదురుచూస్తున్నది కూడా అందుకే. ఒక్కసారి ఆ కుర్చీలో కూచున్నానంటే పెళ్ళిచూపులు మొదలెడతారు. మళ్ళీ పశువు మీద చెయ్యి వెయ్యనివ్వరు," అంది. తెల్లకోటు తీసేసి వేరే రంగు వేసుకుంటే ఏమన్నా లాభం ఉంటుందా అని అడిగింది.

ఆమె అడిగింది రంగు. నాకు గుర్తొచ్చింది మా నాన్న. అమ్మ పుట్టింటికి పోతే మా నాన్న అమ్మ పాత చీర ఒంటికి చుట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని పాలు పితికేవాడు. లేకపోతే మా బర్రె పాలు చేపేది కాదు. మా వైపు పల్లెల్లో ఇది వింతా కాదు, రహస్యమూ కాదు. చీర కట్టుకున్న మగవాణ్ని చూసి పక్కింటివాడు నవ్వడు, ఎందుకంటే వచ్చే నెల వాడి వంతు.

ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రోజూ పొదుగు దగ్గర కూచునేది ఆడమనిషి. ఆ వాసనా, ఆ బట్టా గేదెకు అలవాటు. ప్యాంటు వేసుకుని ఎవరొచ్చినా సూది పొడిచి పోయేవాళ్ళే. మీరన్నదాంట్లో శాస్త్రం ఉందండీ," అంది. నేను బి.ఏ. కాబట్టి శాస్త్రం ఉందంటే కొంచెం భయపడ్డాను.

ఒక సాదా నేత చీర తీసుకుని పోయింది. వారం తిరక్కుండా అది పట్టుకుని వచ్చింది. కొత్త చీర, గంజి పెళపెళ. కొంగు కదిలితే చాలు గేదె చెవులు నిక్కబొడుచుకుంటోందట. కొత్త గుడ్డ మడ్డి వాసన సరేసరి. పాతది కావాలంది. మొహమాటం మనిషి కాబట్టి ఊళ్ళో ఎవరినీ అడగలేదు. ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నవన్నీ ఫారిన్ నైలెక్సు, మెరుపులవి. మా దుకాణంలో అన్నీ ఉన్నాయి, పాత చీర తప్ప.

కొత్తదాన్ని పాతది చేయడం

చీర ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాను. రంగారావు గారు విని కంగారుపడ్డారు. "ఏంటయ్యా ఇది? కొత్త చీర పాతది చేసిస్తామని తెలిస్తే రేపు మనల్ని బజార్లో ఏమంటారు?" అన్నారు. ఇంటి దగ్గర చేస్తానని చెప్పి తీసుకుపోయాను.

నేనుండేది ఒక పెద్దమ్మ ఇంట్లో వెనక గది కిరాయికి. కుంకుళ్ళతో ఉతికాను, రాయి మీద బాదాను, ఆరేశాను, మళ్ళీ ఉతికాను. మెత్తబడ్డాక పెద్దమ్మ కొట్టంలో, కుడితి గోలెం పక్కన దండెం మీద వేసి ఉంచాను. బ్రహ్మచారి పెరట్లో చీర ఆరితే ఆ వీధికి ఇంకో పని ఉండదు. పెద్దమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది:

"ఏంరా కొడుకా, చెప్పకుంటనే చేసుకున్నవా?"

"లేదు పెద్దమ్మా. బర్రె కోసం."

ఆమె నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రం నాకు మామూలుకన్నా ఎక్కువ అన్నం పంపింది.

నిజానికి ఆ కొద్ది రోజులు నాకు బాగానే గడిచాయి. దుకాణం నుంచి పోగానే చెయ్యడానికి ఒక పని ఉండేది. వాన వస్తే పరిగెత్తి తియ్యాల్సిన బట్ట ఒకటి ఉండేది. నా చొక్కాల కోసం నేనెప్పుడూ పరిగెత్తలేదు.

దుకాణం సెలవు నాడు చీర పొట్లం కట్టుకుని బస్సెక్కి బూర్గంపాడు పోయాను. నేను దవాఖానా మెట్ల దగ్గర ఉండగానే ముత్తయ్య అనే రైతు తడిసి ముద్దై వచ్చాడు. డాక్టర్ సాబ్ లేడా అన్నాడు. నేనే డాక్టర్ని అందామె. "అది ఎరుకే తల్లీ, పెద్ద డాక్టర్ లేడా అని," అన్నాడు. పెద్ద డాక్టరు ఎవరూ లేరని తేలాక, వేరే దారి లేక సంగతి చెప్పాడు. భార్య మల్లమ్మ కూతురి కాన్పుకని ఏన్కూరు పోయింది. నిన్నటి నుంచి బర్రె ఎవరినీ దగ్గరికి రానీయడం లేదు. పొదుగు రాయి లెక్క అయింది. ఈ పూట వైద్యం అందకపోతే పొదుగు చెడిపోతుంది. ఆ ఇంటికి ఆధారం ఆ ఒక్క బర్రే.

ముగ్గురం పోయాం. కొట్టంలో గుంజకు మల్లమ్మ చీర వేలాడుతోంది, ఒక అంచు చిరిగి. అదేందని నేను అడగబోయాను. "నేను కూడ కట్టిన," అన్నాడు ముత్తయ్య, నేల చూసుకుంటూ. "తన్నింది. నా బీడీ వాసన దానికి ఎరుకేనాయె."

విమల గారు పొట్లం తీసుకుని ఇంట్లోకి పోయి, నాట్లేసే ఆడవాళ్ళు కట్టినట్టు గోచి పెట్టి కట్టుకుని వచ్చింది. బూట్లు విప్పేసింది. కోటు లేదు. ఆ నిమిషంలో ఆమె డాక్టరులా లేదు. ఆ ఊళ్ళో ఏ ఇంటి ముందైనా కనపడే మనిషిలా ఉంది. బర్రె బుస్సుమని తల విసిరింది. ఆమె ఆగింది. అది ముట్టె చాచి కొంగు వాసన చూసింది. మళ్ళీ చూసింది. ముత్తయ్య గుంజను గట్టిగా పట్టుకున్నాడు. నేను కుంకుడు వాసన పూర్తిగా పోయిందా లేదా అని ఆలోచిస్తున్నాను. వృత్తి ఆందోళన.

బర్రె తల దించి నెమరు వేయడం మొదలుపెట్టింది.

ఆమె పక్కన గొంతుక్కూచుని పొదుగు నిమిరింది. చెడిన పాలు కొంచెం కొంచెంగా పిండి పారబోసింది. మందు ఎక్కించింది. సూది దిగినప్పుడు బర్రె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, అంతే. ఆమె లేచి చేతులు కడుక్కుంటుంటే ముత్తయ్య అడిగాడు, ఇన్నాళ్ళు ఆ ప్యాంటు ఎందుకు తొడిగినవు తల్లీ అని.

"ఈయన అమ్మారండీ," అంది, నన్ను చూపిస్తూ.

ముత్తయ్య నా వైపు తిరిగాడు. "బర్రెను అడిగి అమ్మాలె గద సారూ."

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. కుర్చీని బట్టి కాదు. మీ గిరాకీ రోజంతా ఎవరి కళ్ళ ముందు నిలబడాలో ముందు తెలుసుకోండి. లెక్చరర్ అయితే వెనక బెంచీ పిల్లలు. నర్సు అయితే నొప్పితో మెలకువగా ఉన్న మనిషి. మేనేజరైతే అప్పు కోసం పంచె సర్దుకుంటూ లోపలికి వచ్చే రైతు. ఆ చూసేవాడు బెదరకూడదు. రంగూ గుడ్డా ఆ తరువాత.

చలికాలం

వానలు వెనకబట్టేసరికి డాక్టరమ్మకు తీరిక లేకుండా అయింది. పెద్దసారు టేబుల్ మాట మళ్ళీ ఎత్తలేదు. మల్లమ్మ ఏన్కూరు నుంచి వచ్చి, సంగతి విని, డాక్టరమ్మ వస్తే కట్టుకోమని తన పాత చీర ఒకటి కొట్టంలో ఉంచిందట. మల్లమ్మను చూసి పక్కిల్లు, ఆ పక్క ఊరు. మా బర్రెకు మా చీరే అలవాటు అని ఎవరి చీర వాళ్ళు తీసిపెట్టడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ మోపెడ్ దిగి, ఇంట్లోకి పోయి, ఆ ఇంటి చీరలో బయటికి వచ్చేది. ఇక మా దుకాణం నుంచి ఆమెకు కావలసింది ఏమీ లేకపోయింది. ఆమె సంగతులు ఖాదర్ చెప్పేవాడు, అతనికి బజారు చెప్పేది.

మా దగ్గర చలి కొద్ది రోజులే. అయినా అడవి పక్క మంచు తెల్లవారి ఎముకలు కొరుకుతుంది. స్వెట్టరు కొనేటప్పుడు ముందు గుండీలున్నది కొనండి. పదింటికి ఎండ వస్తుంది, తల మీదుగా లాగితే జుట్టు చెడుతుంది, ఆఫీసులో గౌరవం పోతుంది. మఫ్లరు మగవాళ్ళకు ఓకే. కోతిటోపీ పెట్టుకుని ఏ ఆఫీసరూ ఎవరినీ మందలించలేడు, ప్రయత్నించకండి.

కొన్నేళ్ళకు అలాంటి చలి పొద్దున ఒకసారి డాక్టరమ్మ దుకాణానికి వచ్చింది. ప్రమోషన్ మీద హైదరాబాదు. టీకాల పని చూసే పెద్ద ఆఫీసు. ఏ టేబుల్ దగ్గరికి పోనని పట్టుపట్టిందో అంతకన్నా పెద్ద టేబులే, కానీ ఈసారి తనే అడిగి తీసుకుంది. జిల్లాలన్నిటికీ టీకా మందు వేళకు పంపడం అక్కడి పని. ఇక్కడ అది వేళకు రాక ఎన్ని గేదెలు పోయాయో తను చూసింది కాబట్టి. తండ్రి గారు ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నారట. చెబుతూ నవ్వింది.

"ఇకమీదట నన్ను చూసేది మనుషులే. ఏం కట్టుకోవాలో చెప్పండి," అంది.

కూచోమని, ఒక్కొక్కటే దించాను. రంగారావు గారు దూరం నుంచి చూస్తున్నారు గాని కలగజేసుకోలేదు. ఖాదర్ మిషను ఎందుకో ఆగింది. మధ్యలో ఆమె అడిగింది: "ఊరందరికీ చెబుతారు. మీకేం నప్పుతుందో ఎవరూ చెప్పలేదా?"

కౌంటర్ వెనక ఉన్నవాడు నడుం దాకానే కనపడతాడండీ, అందుకని ఎవరికీ పూర్తిగా అంచనా దొరకలేదు అన్నాను. నవ్వుతుందనే అన్నాను. ఆమె చీర మీద నుంచి చెయ్యి తీయకుండా నన్ను చూసింది.

"బయటికి రావచ్చు కదండీ," అంది.

గద్వాల వైపు నేత రకాలు కింది అరలో ఉంటాయని వంగాను.

వంగి లేచేసరికి ఆమె వేరే చీర చూస్తోంది. నేను నా పని చేశాను. ఆఫీసు మీటింగులకు పలచటి అంచు నూలు చీరలు, ముదురాకుపచ్చ ఒకటి, ఇటుకరంగు ఒకటి, అక్కడి చలికి మందపాటివి రెండు. మెరుపు వద్దన్నాను. ఆమె ఎత్తుకు పెద్ద పూలు వద్దన్నాను. ఒక్కొక్కటీ భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటే, ఆమె రేపు కూచోబోయే గది, ఎదురుగా ఉండే మనుషులు నాకు కనపడుతూనే ఉన్నారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఇచ్చిన చీర నప్పకపోతే మార్చుకోవడానికి మనిషి మళ్ళీ దుకాణానికి వస్తుంది. ఎంత దూరమైనా వస్తుంది. నప్పితే ఇక రాదు. ఆ పొద్దున బల్ల మీద రెండు రకాలూ ఉన్నాయి. నప్పేవే పొట్లం కట్టించి ఇచ్చాను.